నీళ్ళ పద్దు

మీ ఇంట్లో గోడమీద క్యాలెండరు ఉంటుంది గదా. దానిమీద అమ్మ రోజూ పాలపద్దు రాస్తూ ఉంటుంది. ఇవాళ అరలీటరు, రేపు చుట్టాలు వస్తే లీటరు, ఎల్లుండి పాలవాడు రాకపోతే సున్న. నెలాఖరుకు పాలవాడు వచ్చి, "పదిహేను లీటర్లమ్మా!" అంటే, అమ్మ క్యాలెండరు చూసి, "కాదు, పదమూడున్నర!" అంటుంది. పద్దు ఉన్నది గనక తగాదా లేదు.

శ్రీకాకుళం జిల్లాలో కొన్ని ఇళ్ళలో పాలపద్దుతోబాటు ఇంకొక పద్దు కూడా రాయవలసిన అవసరం వచ్చింది. అది నీళ్ళ పద్దు. ఇంట్లో జబ్బుగా ఉన్న మనిషి రోజు మొత్తంమీద ఎన్ని నీళ్ళు తాగాడు, ఎన్ని నీళ్ళు బయటికి పోయినాయి, ఈ రెండింటికీ తేడా ఎంత? పాలపద్దు తప్పితే నాలుగు డబ్బులు పోతాయి. నీళ్ళ పద్దు తప్పితే మనిషికి ఊపిరాడకుండా పోతుంది.

ఇచ్ఛాపురం మొదలుకొని పలాస దాకా సముద్రం పక్కన ఉన్న ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని చెబుతారు. చూసినవారికి ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఎటు చూసినా కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు. పలాస జీడిపప్పు తెలియని వారుండరు. కాని ఇంత చల్లని చోట ఒక మాయరోగం కాపురం పెట్టింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పొలం పనులు చేసుకునే కష్టజీవులకు, మధుమేహం గాని, మరొక తెలిసిన కారణం గాని లేకుండానే, మెల్లిమెల్లిగా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. నీటిలో దోషమా, పురుగుల మందులా, ఎండలో చెమటోడ్చటమా, నొప్పులకు మింగే మాత్రలా అని ఎందరో శాస్త్రజ్ఞులు వెతికారు. ఇదే కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు.

ఇంతకూ మూత్రపిండాలు ఏం చేస్తాయి? నడుముకు కాస్త పైన, వెన్నెముకకు అటొకటి ఇటొకటి, పిడికిలంత ఉంటాయి. ఒక్కొక్కదానిలో సుమారు పదిలక్షల సన్నని జల్లెడలు ఉన్నాయి. రోజుకు 180 లీటర్ల ద్రవం రక్తంలోనుంచి ఈ జల్లెడల్లోకి దిగుతుంది. అందులో పనికివచ్చేదంతా తిరిగి రక్తంలోకే పోతుంది. చివరకు లీటరో, రెండు లీటర్లో మాత్రం మలినాలతో మూత్రంగా బయటికి వస్తుంది. మీరు ఎండలో ఆడి వచ్చి తక్కువ నీళ్ళు తాగితే మూత్రపిండాలు నీటిని పొదుపు చేస్తాయి. పందెం వేసుకుని నాలుగు గ్లాసులు తాగితే, ఎక్కువైనదాన్ని గంటా రెండు గంటల్లో బయటికి పంపేస్తాయి. అంటే ప్రతి మనిషి ఒంట్లోనూ ఇద్దరు గుమాస్తాలు కూచుని రాత్రింబవళ్ళు నీళ్ళ పద్దు రాస్తూనే ఉన్నారన్నమాట. వాళ్ళు పని మానేసినప్పుడు ఆ పద్దు మనం రాయవలసివస్తుంది.

గుమాస్తాలు పని మానేస్తే పూర్వం మనిషి బతికేవాడు కాదు. 1938లో హాలండు దేశంలో విలెం కోల్ఫ్ అనే కుర్ర డాక్టరు దగ్గిరకు 22 ఏళ్ళ యువకుడొకడు మూత్రపిండాలు చెడి వచ్చాడు. ఏమీ చెయ్యలేక, అతను చనిపోతుంటే చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. కోల్ఫ్ ఆ సంగతి మరిచిపోలేకపోయాడు. మాంసం కూరటానికి వాడే సెలోఫేన్ గొట్టంలో రక్తం పోసి, దానిలో కాస్త మలినం కలిపి, గొట్టాన్ని ఉప్పునీళ్ళలో ఊపి చూశాడు. మలినం గొట్టంలోనుంచి ఉప్పునీళ్ళలోకి వచ్చేసింది, రక్తం గొట్టంలోనే ఉండిపోయింది! ఇక యంత్రం ఎట్లా చెయ్యాలా అని ఆలోచించాడు. అప్పటికి యుద్ధం వచ్చింది, దేశం జర్మనుల చేతిలో ఉంది, ఏ వస్తువూ దొరకదు. దొరికిన సామానులతోనే 1943లో కాంపెన్ అనే ఊరి ఆసుపత్రిలో ఒక తిరిగే పీపా తయారుచేసి, దానికి ఆ గొట్టం చుట్టాడు. మొదటి పదహారుమందిలో దాదాపు అందరూ చనిపోయారు. అయినా కోల్ఫ్ వదలలేదు. 1945లో పదిహేడవ రోగి, 67 ఏళ్ళ ముసలమ్మ, స్పృహలేకుండా వచ్చి, లేచి మాట్లాడింది. ఇవాళ మనం డయాలిసిస్ అంటున్నది ఆ పీపాకు మనవడి వంటిది.

ఉద్దానం వారు ఒకప్పుడు డయాలిసిస్ కోసం సుమారు రెండువందల కిలోమీటర్ల దూరాన ఉన్న విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పోయేవారు. వారానికి రెండు మూడుసార్లు అంత దూరం పోయి రావటమంటే ఏ కూలి మనిషికి సాధ్యం? తరవాత సోంపేట, పలాస, కవిటి వంటి చోట్ల కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో రెండువందల పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయినాయి. అదే రోజున, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి ఉద్దానం పల్లెలకు గొట్టాల ద్వారా పంపే పథకం కూడా ప్రారంభించారు.

సరే, యంత్రం వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు పనిచేస్తుంది. అంటే పన్నెండు గంటలు. వారంలో ఉన్న గంటలు 168. మిగతా 156 గంటలూ చూసుకోవలసింది ఇంటివారే.

కవిటి దగ్గిర ఒక ఇంట్లో డయాలిసిస్ చేయించుకుంటున్న తాత ఒకడు, ఏడో తరగతి చదివే ఆయన మనవరాలు ఉన్నారనుకుందాం. తాతకు పద్దు రాసే పని ఆ అమ్మాయిది. మొట్టమొదట ఆ పిల్ల ఏం చెయ్యాలి? ఇంట్లో ఉన్న గ్లాసులూ, గిన్నెలూ, టీ కప్పులూ కొలవాలి. మందులషాపులో గీతలు ఉన్న కొలత పాత్ర దొరుకుతుంది. దానితో నీళ్ళు పోసి చూస్తే, స్టీలు గ్లాసు పట్టేది 200 మి.లీ. అనుకున్నది 280 అని తేలవచ్చు! పూర్వం మన ఇళ్ళలో గిద్ద, సోల, తవ్వ అని కొలపాత్రలు ఉండేవి. ఇప్పుడు అన్నీ ఉజ్జాయింపే. నర్సులు మాత్రం ఉజ్జాయింపు ఒప్పుకోరు. ఆసుపత్రిలో మంచానికి తగిలించి ఉండే కాగితం చూశారా? ఎడమవైపు లోపలికి వెళ్ళినది, కుడివైపు బయటికి వచ్చినది, టైముతో సహా రాస్తారు. 24 గంటలకు ఒకసారి కూడుతారు. ఇంటి పద్దు కూడా అంతే.

లోపలికి వెళ్ళినవి రాసేటప్పుడే మోసపోతాం. "తాత నీళ్ళు రెండు గ్లాసులే తాగాడు," అంటారు. పొద్దున్న తాగిన చోడి అంబలి మాటేమిటి? టీ? మజ్జిగ? అన్నంలో పోసుకున్న పులుసు? మాత్ర మింగటానికి తాగినది? అన్నీ నీళ్ళే. ఐసుముక్క చప్పరించినా, కరిగితే నీళ్ళే గదా. మామూలుగా పాత్రలో పోస్తే పారేది ఏదైనా పద్దుకు ఎక్కవలసిందే.

బయటికి వచ్చినది కొలవటానికి కొందరు సిగ్గుపడతారు, కొందరు రోతపడతారు. దానికి వేరే పాత్ర ఒకటి గీతలు పెట్టి ఉంచాలి. పెద్దవాళ్ళే కొలిచి, సబ్బుతో చేతులు కడుక్కుని అంకె చెబితే, పిల్లలు రాయవచ్చు. వాంతి అయినా, విరేచనాలు అయినా అదీ రాయాలి.

ఐనా ఎంత కొలిచినా కుడివైపు కొంత తక్కువే వస్తుంది. ఎందుచేత? దీనికి నాలుగువందల ఏళ్ళ నాటి కథ ఉంది. ఇటలీలో సాంటోరియో అనే వైద్యుడు పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, దానిమీదే కూచుని భోజనం చేసేవాడు. తిన్నదీ, తాగినదీ, బయటికి పోయినదీ అన్నీ తూచి, తననూ తూచుకునేవాడు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ముప్ఫై ఏళ్ళపాటు! ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నారో గాని, 1614లో ఆయన తన లెక్కలన్నీ పుస్తకంగా అచ్చువేశాడు. ఎనిమిది పాళ్ళు తిని, తాగితే, అందులో అయిదు పాళ్ళు కంటికి కనిపించకుండానే ఒంట్లోనుంచి పోతున్నాయని ఆయన లెక్క. ఊపిరితోబాటు ఆవిరి పోతుంది. అద్దంమీద ఊది చూడండి, తెలుస్తుంది. చర్మంలోనుంచి కూడా తెలియకుండా తేమ పోతూ ఉంటుంది. పెద్ద మనిషికి ఇట్లా రోజూ అరలీటరుకు పైగానే పోతుంది. జ్వరం వస్తే, వేసవి వస్తే ఇంకా ఎక్కువ.

అందుకే డయాలిసిస్ రోగులకు చాలామంది డాక్టర్లు ఇట్లాంటి లెక్క చెబుతారు: నిన్న వచ్చిన మూత్రం ఎంతో, దానికి అరలీటరు కలిపి, అంత ఇవాళ తాగవచ్చు. తాతకు నిన్న 300 మి.లీ. వచ్చిందనుకోండి. ఇవాళ్టి వాటా 800. ఈ లెక్క మనిషిని బట్టి మారుతుంది. ఎవరి లెక్క వారి డాక్టరే చెప్పాలి. కిడ్నీ జబ్బు మొదటి దశలో ఉన్నవారికి సాధారణంగా ఇంత కట్టుబాటు ఉండదు. ఇక ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, ముఖ్యంగా తోటల్లో ఎండలో పనిచేసేవాళ్ళు, ఇది చదివి నీళ్ళు తగ్గించారంటే కొరివితో తల గోక్కున్నట్టే.

మనవరాలు చేసే ఉపాయం ఒకటుంది. పొద్దున్నే ఒక సీసాలో 800 మి.లీ. నీళ్ళు కొలిచి పెడుతుంది. తాత కప్పు టీ తాగితే, సీసాలోనుంచి కప్పెడు నీళ్ళు తీసి మొక్కకు పోస్తుంది. అంబలి తాగితే మళ్ళీ అంత తీస్తుంది. సీసాలో ఎంత ఉన్నదో అంతే తాత సొంతం. చూస్తేనే తెలుస్తుంది, లెక్క రానివారికి కూడా. సాయంత్రమయ్యేసరికి సీసా అడుగంటుతుంది, తాతకు దాహం మాత్రం తీరదు.

"ఒక్క గుక్కే కదే గుంటా, ఏటయిపోతాది?" అంటాడు.

"గుక్కెంతో కొలిచీసాను తాతా. ముప్ఫై మి.లీ. పది గుక్కలైతే మూడొందలు."

లెక్కల పుస్తకంలో తొట్టిని ఒక కుళాయి నింపుతూ, ఇంకొక కుళాయి ఖాళీ చేస్తూ ఉండే లెక్క ఉంటుంది. చిన్నప్పుడు నాకు ఆ లెక్క అంటే ఒళ్ళు మండేది. రెండు కుళాయిలూ తెరిచి పెట్టే మూర్ఖుడెవడా అనుకునేవాణ్ణి. మన ఒళ్ళే ఆ తొట్టి అని ఎవరూ చెప్పలేదు.

దాహం ఆపాలంటే ముందు ఉప్పు ఆపాలి. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడు అన్నారు గదా. సముద్రతీరపు ఇంట్లో ఎండుచేప లేకుండా ముద్ద దిగదు, ఆవకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ రెండూ తిని, నీళ్ళు తాగవద్దంటే ఎవరివల్లా కాదు. ఉప్పు తగ్గిస్తే దాహం తనే తగ్గుతుంది. చిన్న కప్పుతో తాగటం, నోరు పుక్కిలించి ఉమ్మెయ్యటం కొంత సాయం చేస్తాయి.

అన్నిటికంటె కష్టమైన సంగతి మరొకటి ఉంది. ఉద్దానంలో ఇంటికి ఎవరు వచ్చినా కొబ్బరిబొండం కొట్టి ఇస్తారు. తాత చేత్తో నాటిన చెట్లే అవి. కాని తాత ఆ నీళ్ళు తాగకూడదు! కొబ్బరినీళ్ళలో పొటాసియం అనే లవణం మెండుగా ఉంటుంది. మనబోటివాళ్ళకు అది మంచిదే, ఎక్కువైనది మూత్రంలో పోతుంది. మూత్రపిండాలు పనిచెయ్యనివారికి అది రక్తంలో పేరుకుని, గుండె కొట్టుకునే తీరును తప్పించి, ఒక్కొక్కసారి గుండెను ఆపేస్తుంది కూడా. పనసతొనలు, అరటిపళ్ళు, జీడిపప్పు విషయంలోనూ డాక్టరును అడగకుండా ముట్టుకోరాదు. "ప్రకృతి ఇచ్చింది, ఏం చేస్తుంది?" అని ప్రేమకొద్దీ బొండం పట్టుకువచ్చే చుట్టాలకు ఈ ముక్క ముందే చెప్పి ఉంచాలి.

పద్దు సరిగ్గా ఉన్నదో లేదో చూడటానికి ఒక సాక్షి ఉన్నాడు. వాడే త్రాసు. లీటరు నీళ్ళు కిలో బరువు. రోజూ పొద్దున్నే, కాలకృత్యాలు అయిన తరవాత, ఏమీ తినకముందు, అదే త్రాసుమీద, అటువంటి బట్టలతోనే తాత నిలబడాలి. డయాలిసిస్ అయినప్పుడు 52 కిలోలు ఉన్న మనిషి మూడోనాడు 54న్నర ఉంటే, రెండురోజుల్లో కండ పెరగలేదు గదా! రెండున్నర లీటర్ల నీళ్ళు లోపల నిలిచాయన్నమాట. అంత నీటినీ యంత్రం నాలుగు గంటల్లో లాగేస్తుంటే రక్తపోటు పడిపోతుంది, కాళ్ళు కొంకర్లు పోతాయి. డయాలిసిస్ అయి వచ్చి తాత నీరసంగా పడుకున్నాడంటే, చాలాసార్లు తప్పు యంత్రానిది కాదు.

నిలిచిన నీళ్ళు ముందు కాళ్ళలోకి దిగుతాయి. మడమకు పైన ఎముకమీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే, గుంట పడి అట్లాగే ఉంటుంది. తరవాత ముఖం ఉబ్బుతుంది. ఆ తరవాత నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అప్పుడు తాత వెల్లకిలా పడుకోలేడు, రెండు దిండ్లు, మూడు దిండ్లు అడుగుతాడు, అర్ధరాత్రి లేచి కూచుని ఆయాసపడతాడు. "ఎల్లుండి ఎట్లాగూ డయాలిసిస్ ఉందిగా" అని ఆగకూడదు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. అంబులెన్సులో ఆక్సిజన్ పెడతారు. అది ఆసుపత్రికి చేరేదాకా ఆసరా మాత్రమే. ఊపిరితిత్తుల్లో చేరిన నీటిని తీసేది డయాలిసిస్సే.

ఆక్సిజన్‌కు మన పెద్దలు ప్రాణవాయువు అని చక్కని పేరు పెట్టారు. ఆ పేరు వినటంతోనే దానివల్ల హాని ఉండదనుకుంటాం. తాత ఇంటి పక్కనే ఒక మామ్మ ఉందనుకోండి. ఆమెకు కిడ్నీ జబ్బు లేదు. ఏళ్ళ తరబడి పొయ్యి పొగా, చుట్ట పొగా పీల్చి ఊపిరితిత్తులు చెడ్డాయి. డాక్టరు చెప్పిన మీదట ఇంట్లోనే ప్రాణవాయువు యంత్రం పెట్టారు. గదిలోని గాలినే అది పీల్చి, లోపల ఉన్న సన్నని గుళికలతో నత్రజనిని పట్టి ఉంచి, మిగిలిన ప్రాణవాయువును ముక్కు గొట్టంలోకి పంపుతుంది. మామూలు గాలిలో అది నూటికి 21 పాళ్ళు. యంత్రంలోనుంచి వచ్చేది నూటికి 90కి పైన.

1774లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ ఈ వాయువును తయారుచేసి అందులో కొవ్వొత్తి పెడితే, అది కళ్ళు చెదిరేట్టు వెలిగింది. ప్రాణవాయువు తనంతట తాను మండదు. మండేదాన్ని మాత్రం మహా ఉధృతంగా మండిస్తుంది. గొట్టం పెట్టుకున్న మామ్మ చీరలో, జుట్టులో, దుప్పటిలో అది ఇంకి ఉంటుంది. యంత్రం ఆపిన తరవాత కూడా కొంతసేపు అట్లాగే ఉంటుంది. అప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు.

మన ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా సముద్రం ఒడ్డు పల్లెల్లో, ఆడవాళ్ళు చుట్టను తిరగవేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. అంగుట్లో పుండ్లు పడి కాన్సరుకు దారితీస్తుందని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అది అలా ఉంచి, ముక్కులో ప్రాణవాయువు, దానికి అంగుళం కింద నోట్లో నిప్పు! "గొట్టం తీసి ఒక్క దమ్ము" అన్నా ఒప్పుకోరాదు. ఆ గదిలో ఇంకెవరూ కూడా చుట్టగాని, బీడీగాని కాల్చరాదు. దేవుడి దీపం, అగరువత్తులు, దోమల చుట్ట, గాస్ పొయ్యి, ఇవన్నీ కనీసం పది అడుగుల దూరం ఉండాలి. వంటింట్లోకి గొట్టంతో పోకూడదు. ఇంకొకటి: ముక్కు ఒరుసుకుపోయిందని కొబ్బరినూనెగాని, వాజలైనుగాని రాయకూడదు. జిడ్డుకూ, ప్రాణవాయువుకూ పడదు, అంటుకునే ప్రమాదం ఉంది. నూనెచేత్తో సిలిండరు మర తిప్పకూడదు. ముక్కుకు ఏం రాయాలో నర్సును అడిగితే చెబుతుంది.

ఆయాసం ఎక్కువైందని మనమే మర తిప్పి ఎక్కువ వదలటం కూడా ప్రమాదమే. మామ్మ వంటి జబ్బు ఉన్నవారికి ప్రాణవాయువు మోతాదు మించితే, బయటికి పోవలసిన బొగ్గుపులుసు వాయువు ఒంట్లో పేరుకుని, మత్తు కమ్ముతుంది. చూసేవాళ్ళు "హాయిగా నిద్రపోతున్నది" అనుకుంటారు.

యంత్రం కరెంటుతో నడుస్తుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గిర తీరం దాటినప్పుడు లక్షలాది కొబ్బరిచెట్లు కూలినాయి. వాటితోబాటు కరెంటు స్తంభాలూ కూలి, ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కాబట్టి యంత్రం ఉన్న ఇంట్లో నిండు సిలిండరు ఒకటి తప్పక ఉండాలి. నల్లని ఒళ్ళు, తెల్లని భుజాలు దాని గుర్తు. పడిపోకుండా గోడకు గొలుసుతో కట్టి, పొయ్యికీ ఎండకూ దూరంగా నిలబెట్టాలి. ఇళ్ళలో వాడే చిన్న సిలిండరులో సుమారు 1500 లీటర్ల వాయువు పడుతుంది. డాక్టరు నిమిషానికి 2 లీటర్లు చెబితే అది ఎన్ని గంటలు వస్తుంది? కాగితం, పెన్సిలు తీసుకుని చెయ్యండి. పన్నెండున్నర గంటలు. తుఫాను హెచ్చరిక రేడియోలో విన్నరోజున, రెండు రోజులకు ఎన్ని సిలిండర్లు కావాలో ఈ లెక్కే చెబుతుంది. ఒకటి చాలదు, నాలుగు కావాలి.

తాత ఇంట్లో కూడా తుఫాను హెచ్చరిక వస్తే చెయ్యవలసిన పని ఉంది. దారులు మూసుకుపోకముందే డయాలిసిస్ కేంద్రానికి ఫోను చేసి, వంతు ముందుకు జరుపుతారేమో అడగాలి. మనవరాలు నీళ్ళ పద్దు పుస్తకం వెనక అట్టమీద ఆ కేంద్రం ఫోను నంబరు, తాత రక్తం గ్రూపు, మందుల పేర్లు, పొడి బరువు 52 కిలోలు అని పెద్ద అక్షరాలతో రాసి, పుస్తకాన్ని తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టింది. రాత్రి తొమ్మిదింటికి సీసాలో ఇంకా 40 మి.లీ. ఉంది. అది పడుకోబోయే ముందు వేసుకునే మాత్రకు.